సంతకు వచ్చే చిల్లర పండ్లు



పండ్లతోట అనగానే మనకు మామిడి, బత్తాయి, అరటి, జామ, సపోటా గుర్తుకు వస్తవి. వాటిని గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈవేళ నేను చెప్పదలచినది ఆ పెద్ద పండ్లను గురించి కాదు. సంతలో ఒక వారగా గోనెపట్టా పరచుకొని, ముందు గంప పెట్టుకొని, సోలతోనో గ్లాసుతోనో కొలిచి అమ్ముతారే, ఆ పండ్లను గురించి. రేగు, నేరేడు, వెలగ, పాల, మొర్రి, తునికి, వాక్కాయ, సీమచింత, ఈత, పరికి - వీటినన్నిటినీ కలిపి వర్తకులు చిల్లర పండ్లంటారు. వీటిలో చాలావాటికి మార్కెట్టు యార్డులో ధరల పట్టీ లేదు. పంటల లెక్కలు వ్రాసే పుస్తకములోనూ చోటు తక్కువే. అయినా పిలవని చుట్టములవలె ఏటేటా తమ నెలకు తాము సంతకు వస్తూనే ఉన్నవి.

ఏ నెలలో ఏవి వస్తవో ఒకసారి గుర్తు చేసుకొందాము. సంక్రాంతికి రేగు. భోగినాడు పిల్లల నెత్తిన పోసేది ఆ పండ్లే గదా! మాఘ ఫాల్గుణాలలో సీమచింత, రామాఫలము. ఎండలు ముదిరేసరికి అడవి ప్రాంతాలనుంచి మొర్రి, తునికి, పాలపండ్లు దిగుతవి, మైదానంలో తాటిముంజలు. జ్యేష్ఠములో ఈత, నేరేడు. తొలకరి వానలు పడి కొంత జరిగాక వాక్కాయ. వినాయక చవితికి వెలగ, ఆ దరిదాపులలోనే తాటిపండు. ఆశ్వయుజ కార్తికాలలో సీతాఫలము, ఆపైన ఉసిరి. చూడండి, సంవత్సరములో పండు దొరకని నెల లేదు. బజారులో ఆపిల్ పండు కొనలేని ఇంటి పిల్లలు తినేది వీటినే. చేలో పని లేని వేసవిలో నాలుగు రూపాయలు తెచ్చేదీ ఇవే. గంప నెత్తికెత్తుకొని సంతకు వచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు, అందులోనూ సొంత భూమి లేనివారు, అనే సంగతి మన విస్తరణ అధికారులు మరచిపోకూడదు.

మరి ఈ చెట్లను నాటిన వారెవరు? చాలావరకు ఎవరూ కాదు. పక్షి వేసిన గింజ, పశువు తిని విడిచిన గింజ, గట్టుమీదనో చెరువుకట్టమీదనో బంజరులోనో మొలిచి చెట్టయినది. నాటినవాడు లేడు కనుక అడిగేవాడూ లేడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్టు చదును చేసినప్పుడు మొదట పోయేది ఆ చెట్టే. రోడ్డు వెడల్పు చేసినా అదే, పొలము ప్లాట్లుగా కోసినా అదే. మామిడిచెట్టు కొట్టేటప్పుడు రైతు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. నేరేడుచెట్టు దగ్గర ఆ ఆలోచన లేదు. నీడ పడి పైరు పండటంలేదని గొడ్డలి పట్టుకొంటాడు. నీడ పడే మాట నిజమే. కాని ఆ చెట్టు ఎటువంటిదో చూచుకోకుండా కొట్టితే నష్టము ఆ ఒక్క చెట్టుతో పోదు.

ఎందుచేతనంటారా? గింజనుంచి వచ్చిన చెట్లు సాధారణముగా ఒకదానివలె ఒకటి ఉండవు. ఒక గట్టుమీద పది రేగుచెట్లు ఉంటే తొమ్మిదింటి పండ్లు వగరుగానో పులుపుగానో ఉండి, ఒకదాని పండు మాత్రము కండగలిగి తియ్యగా ఉండవచ్చును. ఆ ఒక్క చెట్టూ ఆ ఊరి సొత్తు. దానికి పేరు లేదు, దాని కన్ను తీసి ఇంకొక చెట్టుకు కట్టినవారు లేరు. అది పోతే ఆ రకమే పోయినట్లు. మన మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ సీతాఫలము సంగతి తీసుకోండి. ఆ ప్రాంతపు చెట్లలో మేలైనవాటిని గుర్తించి ఎన్నికచేసినందువల్లనే దానికి బాలానగర్ రకమని పేరు వచ్చినది, రాష్ట్రము దాటి ఇతర రాష్ట్రాలలోనూ తోటలు వేశారు. చూచే కన్ను లేకపోతే అదీ గంపలోని నూరు కాయలలో ఒక కాయగానే ఉండిపోయేది. మామిడిలో మనము పేరు పెట్టి పిలుచుకొనే పాత రకాలన్నీ ఇలాగు ఏదో ఒక మంచి చెట్టునుంచి అంట్లు కట్టుకొన్నవే.

సీతాఫలము మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. సీత పేరు పెట్టుకొన్నది గదా అని అది మన అరణ్యవాసమునాటి చెట్టు అనుకొంటారు. కాదు, అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతమునుంచి వచ్చినది. రామాఫలమూ అంతే. సీమచింత కూడా మెక్సికో వైపుదే. అయితే సీమచింత విషయములో మనవాళ్ళు నిజాయితీగా సీమ అనే మాట ముందే తగిలించారు. రేగు, నేరేడు, వెలగ, పాల, మొర్రి - ఇవి మన నేలవే. పూజ సంకల్పములో జంబూద్వీపము అని చెప్పుకొంటామే, ఆ జంబువు నేరేడే.

ఇక చేతికి పని చెప్పే మాటలకు వస్తాను. మెట్ట రైతుకు ఈ చెట్లన్నిటిలో ముందుగా లాభము చూపగలది రేగు. నీరు లేని నేలలో, రాతి నేలలో, కొద్దిపాటి చౌడులో కూడా బ్రతుకుతుంది. దాని నడవడి మన వానలకు సరిగా సరిపోయినది. వేసవిలో ఆకు రాల్చి నిద్రపోతుంది. వానతో చిగిర్చి, వానకాలము చివర పూసి, చలిలో కాయ నింపుకొంటుంది. నీటి అవసరము ఎక్కువగా ఉండే రోజులలో అది కోరేది తక్కువ.

మీ గట్లమీద అడవిరేగు పొదలు ఉంటే వాటిని పెకలించవద్దు. పెకలించినా మళ్ళీ లేస్తవి, ఆ సంగతి మీకు తెలుసు. వేరు అంత లోతు పోయి ఉంటుంది. ఆ వేరునే మనము వాడుకోవలెను. మార్చి, ఏప్రిలు నెలలలో ఆ మొక్కను నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున రంపముతో నున్నగా కోయండి. గొడ్డలితో నరికితే మొద్దు చీలుతుంది. కొద్ది వారాలలో మొద్దునుంచి చాలా చిగుళ్ళు వస్తవి. అన్నీ ఉంచితే ఏదీ లావెక్కదు. నాలుగు దిక్కులకు పోయే బలమైనవి రెండో మూడో ఉంచి తక్కినవి గిల్లివేయండి. జూన్, జూలై నాటికి అవి పెన్సిలు లావున తయారవుతవి. అప్పుడు మేలురకపు చెట్టునుంచి కన్ను తెచ్చి కట్టవలెను. చిగురు బెరడుమీద టి అక్షరమువలె గాటు పెట్టి, బెరడు మెల్లగా లేపి, డాలు ఆకారముగా తీసిన కన్నును అందులోకి జార్చి, కన్ను మొన మాత్రము పైకి కనబడేటట్లు ప్లాస్టిక్ నాడాతో చుట్టాలి. పది పదిహేను రోజులలో కన్ను పచ్చగా ఉన్నదంటే అతికినట్లు. అది చిగిర్చిన తరువాత దాని పైభాగము కోసివేయవలెను.

ఇంతవరకు చాలామంది చక్కగా చేస్తారు. తప్పేది ఆ తరువాతనే. కట్టిన కన్ను కింద, మొద్దునుంచి, నాటురేగు చిగుళ్ళు మళ్ళీమళ్ళీ వస్తూ ఉంటవి. అవి జోరుగా పెరుగుతవి. వాటిని తీసివేయకపోతే కట్టిన కొమ్మను మింగివేస్తవి. మూడవ ఏట రైతు వచ్చి "అయ్యా, మీరు ఉమ్రాన్ అని ఇచ్చారు, అడవిరేగు కాసింది" అంటాడు. కాసినది అడవిరేగే, ఎందుకంటే పెరిగినది అదే. మొదటి ఏడు నెలకొకసారి చేను చుట్టివచ్చేటప్పుడు చేతితో గిల్లివేస్తే చాలును, ఖర్చు ఏమీ లేదు.

కొత్తగా పెట్టేవారు కూడా వీలైనంతవరకు నాటురేగు గింజలనే గుంటలో వేసి, అక్కడే పెంచి, అక్కడే కన్ను కట్టుకొనుట మేలు. సంచిలో ఎక్కువకాలము ఉన్న మొక్కకు తల్లివేరు చుట్ట చుట్టుకొంటుంది. అది నేలలో లోతుకు పోలేదు. వేరు లోతుకు పోకపోతే రేగుకూ తక్కిన చెట్లకూ తేడా ఏమున్నది? గింజలను ఉప్పునీటిలో వేసి, తేలినవి పారవేసి, మునిగినవే తీసుకోండి. పై పెంకును జాగ్రత్తగా పగులగొట్టి లోపలి విత్తును వేస్తే మరీ త్వరగా మొలుస్తుంది.

రేగు కాయ కాసేది ఆ సంవత్సరము వచ్చిన కొత్త కొమ్మమీద. కనుక ఏటా వేసవిలో, ఆకు రాలిన సమయములో, కిందటేటి పెరుగుదలలో సగమువరకు కత్తిరించితీరవలెను. రైతుకు చెట్టు కోయాలంటే చేయి రాదు. కోయనిచో కాయ చిన్నదై, ముళ్ళకంప పెరిగి, కోతకు మనిషి లోపలికి పోలేడు. కోసిన కంప చేనికి కంచె అవుతుంది, ఆకు మేకలకు మేత. చలికాలములో ఆకుమీద, పిందెమీద తెల్లని పిండి పోసినట్లు బూడిద తెగులు వస్తుంది. నీటిలో కలిసే గంధకము లీటరుకు 3 గ్రాముల చొప్పున కనబడగానే చల్లాలి. కాయలోపల పురుగు ఉంటే అది పండుఈగ పని. దానికి మందుకంటె ముందు చేయవలసిన పని, రాలిన కాయలను ఏరి గోతిలో పూడ్చుట, వేసవిలో చెట్టు మొదట్లో మట్టి తిరగవేయుట. పురుగు కోశస్థ దశలో మట్టిలోనే దాగి ఉంటుంది. మట్టి తిరగబడితే ఎండా పిట్టా దాని సంగతి చూచుకొంటవి.

వర్షాధారముమీద, సరియైన పోషణతో, ముదురు చెట్టు 50 నుంచి 80 కిలోలవరకు ఇవ్వగలదు. ఈమధ్య బజారులో ఆకుపచ్చగా, కోడిగుడ్డంత ఉండే రేగు వస్తున్నది. ఆపిల్ రేగు అని అమ్ముతున్నారు. త్వరగా కాస్తుంది, గుత్తులుగా కాస్తుంది, కొమ్మలు విరిగేటంత కాస్తుంది. నీరున్న చోట దానికి చోటున్నది. నీరు లేని గట్టుమీద దానిని పెట్టి నాటురేగు చేసే పని చేయమంటే చేయదు. రుచిలో కూడా నా ఓటు మన గంగరేగుకే. ఒకే ఊరిలో అందరూ ఒకే ఏడు ఒకే రకము పెట్టితే ఒకే వారములో కాయ అంతా బజారున పడుతుందనే సంగతి కూడా లెక్కలో ఉంచుకోండి. అమ్ముడుపోని చిన్నకాయకు మన ఆడవాళ్ళు ఏనాడో దారి చూపారు. ఉప్పు, కారము, కాస్త బెల్లము వేసి దంచి, రేగువడియాలు పెట్టి ఎండవేస్తే ఆరునెలల తరువాత అయినా అమ్ముకోవచ్చును. అమ్మకానికి చేసేవారు ఆహార భద్రతా శాఖలో నమోదు చేయించుకోవలెను. అది కష్టమైన పని కాదు.

నేరేడు విషయము వేరు. ఇది పెద్ద చెట్టు, దీర్ఘాయువు. తడికీ ఓర్చుకొంటుంది, కొంతవరకు చౌడుకూ ఓర్చుకొంటుంది. చెరువు వెనుక జవుకు నేలలో మరేదీ రాని చోట నేరేడు వస్తుంది. చిట్టినేరేడు గుండ్రముగా, గింజ పెద్దదై ఉంటుంది. అల్లనేరేడు పొడవుగా, కండగలిగి ఉంటుంది. ఒకప్పుడు చెట్టుకింద రాలి ఊరికే పోయిన పండు ఈనాడు హైదరాబాదులో కిలో వంద రూపాయలు దాటుట మామూలు. అనంతపురము వైపు దీనిని తోటగానే పెట్టినవారు ఉన్నారు.

నేరేడు గింజకు రెండు విశేషాలు. ఒకటి, అది పండులోనుంచి తీసిన పది పదిహేను రోజులకు మించి మొలకశక్తి నిలుపుకోదు. ఎండబెట్టి దాచి, వచ్చే ఏడు వేద్దామంటే మొలవదు. రెండు, ఒక్కొక్క గింజనుంచి రెండు మూడు మొలకలు రావటము కద్దు. వాటిలో కొన్ని తల్లిని పోలి ఉంటవి. అయినా నమ్మకముగా తల్లిగుణము కావాలంటే అంటుమొక్కే దారి. గింజమొక్క కాపుకు రావటానికి ఎనిమిది పదేండ్లు పడుతుంది, అంటు అయిదారేండ్లకు వస్తుంది. గుజరాతులోని గోద్రా కేంద్రమువారు గోమా ప్రియాంక అనే రకమును విడుదల చేశారు. పై రకాలు తెచ్చుకొనేవారు తెచ్చుకోండి. కాని మీ తాలూకాలోనే కండ ఎక్కువై, గింజ చిన్నదై, వానకు ముందే పండే చెట్టు ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. ముందే పండుట చాలా ముఖ్యము. వాన పడిన తరువాత పండు పగులుతుంది, బురదలో రాలుతుంది, ఈగ పడుతుంది. వారము ముందు వచ్చిన పండుకూ వారము వెనుక వచ్చిన పండుకూ ధరలో సగానికి సగము తేడా రావచ్చును.

కోత దగ్గర నేను గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. నేరేడు కొమ్మ పెళుసు. చూడడానికి తొడలావున ఉన్న కొమ్మ కూడా చప్పుడు లేకుండా విరుగుతుంది. చిటారుకొమ్మ పండుకోసము ఎక్కి పడి, నడుము విరిగి మంచాన పడ్డవారు, ప్రాణము పోగొట్టుకొన్నవారు మన పల్లెలలో ఉన్నారు. గంప నేరేడుపండ్లకు అది తగిన వెల కాదు. చెట్టు కింద నాలుగువైపులా వల గాని, దుప్పట్లు గాని నేలకు తగలకుండా కట్టి, కొక్కెము ఉన్న పొడవాటి వెదురుగడతో కొమ్మను ఊపండి. పండు వలలో పడుతుంది, మట్టి అంటదు, చితకదు. అంటుమొక్క పెట్టినవారు చిన్ననాటినుంచే తల తుంచి, పక్కకొమ్మలు సాగనిచ్చి, నిచ్చెనకు అందే ఎత్తులో ఉంచుకొంటే ఈ బాధే లేదు. కోసిన పండు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. తెల్లవారుజామున దింపి, చితికినవి తీసివేసి, లోతులేని తట్టలలో రెండు మూడు వరుసలకు మించకుండా పేర్చి, ఆ పూటే పంపాలి.

నేరేడు గింజల పొడి మధుమేహానికి మందని సంతలో పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. గింజను వాడే ఆచారము పాతదే. కాని పొడి తింటున్నాము గదా అని వైద్యుడు ఇచ్చిన మాత్రలు మానివేయవద్దు.

ఇప్పుడు కంచె సంగతి. వాక్కాయను కొందరు కలివికాయ అంటారు, కొందరు కలిమికాయ అంటారు. కడప జిల్లాలో 1986లో మళ్ళీ కనబడి దేశమంతటా వార్త అయిన కలివికోడి అనే పిట్టకు ఆ పేరు ఈ కలివి పొదలవల్లనే వచ్చినది. దీని ముల్లు రెండుగా చీలి, గట్టిగా ఉంటుంది. అడుగున్నరకు, రెండడుగులకు ఒక మొక్క చొప్పున వరుసగా పెట్టి, మొదట రెండేళ్ళు మేకనుంచి కాపాడితే, తరువాత అదే మీ చేనిని కాపాడుతుంది. గింజ పండులోనుంచి తీసిన కొద్దిరోజులలోనే నారుపోయాలి. మూడవ ఏటనుంచి కాయ వస్తుంది. పప్పులో వేసుకోవచ్చు, పులిహోర కలుపుకోవచ్చు, పచ్చడి పెట్టవచ్చు. బేకరీలో రొట్టెమీద ఎర్రగా మెరిసే చెర్రీ అని మీరు తినేది చాలాచోట్ల పాకములో వేసి రంగు అద్దిన వాక్కాయే.

కంచె గురించి ఇంత చెప్పుటకు ఇంకొక కారణము ఉన్నది. 2003 తరువాత కొన్నేండ్లపాటు డీజిలు నూనెకని ఊరూర అడవిఆముదము నాటించారు. నేపాళము అని కూడా అంటారు. పశువు ముట్టదని అంతకుముందునుంచే కంచెకు వాడేవారు. దాని కాయలోని గింజ తినడానికి కమ్మగానే ఉంటుంది. బడిపిల్లలు పల్లీలవంటివని తిని, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రులలో చేరిన సంఘటనలు మన రెండు రాష్ట్రాలలోనూ మళ్ళీమళ్ళీ జరిగినవి. బడి దగ్గర, అంగన్‌వాడి దగ్గర, పిల్లలు నడిచే దారిలో ఈ మొక్క ఉంటే తీసివేయించండి. ఆ స్థానములో వాక్కాయ పెట్టండి. అడవులలో ముష్టి కాయ కూడా ఇటువంటిదే. పండితే నారింజవలె ఎర్రగా, గుండ్రముగా, ముచ్చటగా ఉంటుంది. గింజ కఠోర విషము. పల్లె పిల్లలకు పూర్వము ఏది తినవచ్చునో ఏది కూడదో పశువుల కాపర్లు చెప్పేవారు. ఇప్పుడు పిల్లలు బడికి పోతున్నారు, అది మంచిదే. కాబట్టి ఆ మాట ఇకమీద బడిలో చెప్పవలెను.

అడవి మాట వచ్చినది కనుక మొర్రి. మొర్రిపండు నల్లగా, బఠాణీకంటె కాస్త పెద్దదిగా, తీపిగా ఉంటుంది. దాని గింజలోని పలుకే మిఠాయిలలో వేసే సారపప్పు. ఉత్తరాదిన చిరోంజి అంటారు. ఆదిలాబాదు, భద్రాచలము, పాడేరు అడవులలో గిరిజనులకు వేసవి ఆదాయములో ఇది ఒక భాగము. ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉన్నది. పండు పూర్తిగా నల్లబడేవరకు ఆగితే ఇంకొకరు కోసుకొని పోతారేమో అని భయము. అందుచేత పచ్చికాయే కోస్తారు. కొందరు కొమ్మలు నరికి దింపుతారు. పచ్చికాయలో పలుకు నిండదు, తూకము రాదు, వర్తకుడు ధర తగ్గిస్తాడు. నరికిన కొమ్మ వచ్చే ఏడు కాయదు. పండని గింజ నేలబడినా మొలవదు కనుక కింద పిల్లమొక్కలు ఉండవు. ముసలిచెట్లు ఒక్కటొక్కటే పోతున్నవి. ఇది ఒక మనిషి మానుకొంటే ఆగేది కాదు. ఊరంతా కలిసి, ఫలానా రోజుకు ముందు ఎవరూ కోయరాదని కట్టుబాటు చేసుకోవలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము చిన్నతరహా అటవీ ఫలసాయము సేకరించుకొని అమ్ముకొనే హక్కు అక్కడివారిది. హక్కు ఉన్నచోట గ్రామసభ తీర్మానము చేయవచ్చును. చిరోంజి గింజకు కేంద్ర ప్రభుత్వపు కనీస మద్దతు ధర పథకము వర్తిస్తుంది. 1956లో విశాఖపట్నము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయము కొనుటకొరకే పుట్టినది. గింజగా అమ్మినదానికీ పప్పుగా కొట్టి అమ్మినదానికీ ధరలో చాలా తేడా ఉన్నది. విసుర్రాయితో అయినా, చిన్న యంత్రముతో అయినా ఊరిలోనే పప్పు తీయగలిగితే ఆ తేడా ఊరికే దక్కుతుంది.

వెలగను గురించి క్లుప్తముగా చెబుతాను. విఘ్నేశ్వరుని శ్లోకములో వెలగకు, నేరేడుకు రెండింటికీ చోటున్నది గాని మన గట్లమీద వెలగకు చోటు పోయినది. చవితికి ముందు రెండు రోజులు వెలగకాయకోసము వెదుకుతాము, తరువాత మరచిపోతాము. ఇది నిమ్మ, నారింజల కుటుంబపు చెట్టు. కాపుకు రావటము చాలా ఆలస్యము. అందుచేత దీనిని తోటగా వేయమని నేను చెప్పను. ఉన్న చెట్టును ఉంచుకోమంటాను. చిల్లర పండ్లలో దూరప్రయాణానికి తట్టుకొనేది ఇదొక్కటే. దెబ్బ తగిలినా పెంకు ఓర్చుకొంటుంది, వారాలపాటు నిలువ ఉంటుంది. కాయ ముదిరినదీ లేనిదీ తెలుసుకోవాలంటే అడుగు ఎత్తునుంచి గచ్చుమీద వేసి చూడండి. పచ్చిది ఎగురుతుంది, ముదిరినది ఎగరదు. ముదిరినదానిని కొన్నాళ్ళు ఎండలో ఉంచితే వాసన వస్తుంది. ఆ గుజ్జు బెల్లముతో తింటే ఎలా ఉంటుందో తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు.

పాలపండు పచ్చగా, వేపపండంత ఉంటుంది. పాలు ఉండి పెదవులకు అంటుకొంటుంది కనుక పట్నవాసులు పెద్దగా కొనరు. కాని సపోటా రైతులారా, మీ తోటలో అంట్లు దేనిమీద కట్టినవో ఒకసారి వంగి చూడండి. మన దేశములో సపోటాకు వేరు ఇచ్చేది ఎక్కువగా ఈ పాలచెట్టే. నర్సరీవారు దాని గింజలు అడవినుంచే తెప్పించుకొంటారు. అడవిలో పాలచెట్టు తరిగితే సపోటా అంటు ధర పెరుగుతుంది. తాటి విషయములోనూ ఒక్క మాట: గెలలన్నీ ముంజలకే దింపితే పండూ ఉండదు, తేగా ఉండదు, కొత్త చెట్టూ రాదు. చెట్టుకు ఒకటి రెండు గెలలు వదలండి.

అమ్మకము దగ్గర రైతు మోసపోయేది గుత్తలో. పూత మీద, పిందె మీద వర్తకుడు వచ్చి, చెట్టు చూచి, నాలుగు నోట్లు చేతిలో పెట్టి పోతాడు. కోత వాడిది, కొమ్మలు విరిగేది మనవి. ఒక్క ఏడు గుత్తకు ఇవ్వకుండా ఒకే చెట్టు పండు కోయించి తూచి చూడండి. ఆ లెక్క చేతిలో ఉంటే మరుసటేట బేరము మీ వైపు నుంచి సాగుతుంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే బండిలో పంపుకొంటే మరీ మంచిది.

విస్తరణ అధికారులకు, ఉద్యాన సహాయకులకు నా మనవి. సంతలో పండు మంచిదిగా కనబడితే ధర అడిగి ఊరుకోవద్దు. ఏ ఊరినుంచి వచ్చినది, ఎవరి గట్టుమీది చెట్టు అని అడగండి. పేరు నమ్మవద్దు, ఒకే పండుకు జిల్లాకొక పేరు ఉంటుంది. చెట్టు దగ్గరకు పోయి చూడండి. రెండు మూడేండ్లు వరుసగా కాపు, పండు బరువు, గింజ బరువు, పండే వారము పుస్తకములో వ్రాసుకోండి. ఒక్క ఏడు చూచి నిర్ణయించరాదు, ఎందుకంటే చాలా చెట్లు ఏడాది విడిచి ఏడాది కాస్తవి. చెట్టు నిజముగా మేలైనదని తేలితే వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి గాని, తెలంగాణలో ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి గాని తెలియజేయండి. 2001 నాటి చట్టము క్రింద రైతు కాపాడిన రకమును రైతు పేరనే నమోదు చేయించే వీలున్నది. చెట్టు యజమానికి చెప్పకుండా కన్నులు తీసుకొని పోవటము మాత్రము న్యాయము కాదు.

రేగు కన్నులు తెచ్చుకొనేవారికి ఇంకొక జాగ్రత్త చెప్పి సెలవు తీసుకొంటాను. కన్నుపుల్ల కోసిన వెంటనే ఆకులు కత్తిరించి తొడిమెలు మాత్రము ఉంచండి. తడిగుడ్డలోనో తడి నాచులోనో చుట్టి, పైన అరటిపట్ట వేసి కట్టండి. బస్సులో తెచ్చేటప్పుడు ఇంజను వైపు పెట్టవద్దు. తెచ్చిన రోజే కట్టుట మేలు, తప్పనిసరి అయితే మరునాడు. అంతకుమించి ఉంచితే కన్ను వాడుతుంది.